కేసు నడుస్తుండగా ఫైలు మాయమైతే: నెల్లూరు, ప్రకాశం వాళ్ల కోసం అడుగడుగునా ఏం చేయాలో

మా నాన్న నాలుగెకరాల మీద కేసు నడుస్తున్న రోజుల్లో, ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో రాసే పాత అడంగల్ పుస్తకం చూడ్డానికి ఓ తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాను. సమాచార హక్కు కింద తనిఖీకి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకున్నాను కాబట్టి కాదనలేకపోయారు. రికార్డు అసిస్టెంటు ఎర్రగుడ్డ మూట విప్పి, దుమ్ము దులిపి, పుస్తకం నా ముందు పెట్టాడు. పేజీ నంబర్లు ఎర్రసిరాతో వేసి ఉన్నాయి. 144 తర్వాత 147. కుట్టు దగ్గర అరంగుళం కాగితం మిగిలి ఉంది, అంచు స్కేలు పెట్టి కోసినట్టు తిన్నగా ఉంది.

“ఎలుకలు కొట్టేశాయి సార్” అన్నాడతను.

ఎలుక బ్లేడు పట్టుకుని రాదు కదా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ మొండి అంచుకు ఫోటో తీసుకుని, తనిఖీ చేసినట్టు తేదీ వేయించుకుని, సంతకం పెట్టించుకుని బయటికొచ్చాను. ఆవేళ అతనితో గొడవ పడి ఉంటే చేతికి ఏమీ మిగిలేది కాదు.

ఇది మా ఒక్కరి గోడు కాదు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులోనే ఓ కేసు తాలూకు ఆధారాలున్న బ్యాగు దొంగల పాలైంది. అదే ఏడాది నవంబరులో హైకోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోతే ఆ కేసు సీఐడీ దాకా వెళ్లింది. అవి పేపర్లో పడ్డాయి. బ్లేడుతో కోసిన ఒక్క ఆకు ఏ పేపర్లోనూ పడదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను వకీలును కాను. కానీ కోర్టు మెట్లు చాలా ఏళ్లు ఎక్కినవాణ్ని. మీ కేసులో ఏ పిటిషన్ వేయాలో మీ వకీలుతో మాట్లాడుకోండి. ఆయన దగ్గరికి ఏం పట్టుకెళ్లాలో మాత్రం నేను చెప్పగలను.

నోటీసు ఇవ్వకముందే నకళ్లు తీసుకోండి

ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసివ్వాలి. అంటే “మీ మీద కేసు వేయబోతున్నాను, ఫలానా సర్వే నంబరు గురించి” అని మనమే చాటింపు వేసినట్టు. బుద్ధి వంకరగా ఉన్నవాడికి రెండు నెలలు బోలెడు. చాలామంది ముందు నోటీసు పంపి, తర్వాత నకళ్ల కోసం తిరుగుతారు. ఆ వరస తిప్పండి. కాగితాలన్నీ చేతికొచ్చాకే నోటీసు. అంత ఆగే వ్యవధి లేకపోతే, అదే సెక్షన్‌లో రెండో సబ్‌సెక్షన్ కింద కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేయొచ్చు.

ఏవి తీసుకోవాలి? మీ సర్వే నంబరుకు అడంగల్, 1బీ (భూమి హక్కుల రికార్డు), ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం), ఆర్ఎస్ఆర్ (పాత రీసెటిల్మెంట్ రిజిస్టరు, పాతవాళ్లు డైగ్లాట్ అంటారే, అది), ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల ధ్రువపత్రం). డీకేటీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిచ్చిన) భూమైతే అసైన్‌మెంట్ ఫైలు మొత్తం, అధికారులు అభిప్రాయాలు రాసే నోట్ ఫైలుతో సహా. భూమి 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉంటే, అందులో ఎందుకు చేర్చారో చెప్పే ప్రొసీడింగ్స్.

ప్రభుత్వ భూ రికార్డుల వెబ్సైటు మీభూమి నుంచి ప్రింటు తీసి పెట్టుకున్నాం కదా అని చేతులు దులుపుకోకండి. అందులో కనిపించేది ఇవాళ్టి పరిస్థితి. నిన్న ఎవరి పేరుండేది, ఏ ఉత్తర్వుతో మారింది అన్నది పాత పుస్తకంలోనే ఉంటుంది. పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 75 ప్రకారం, మీకు చూసే హక్కున్న పబ్లిక్ రికార్డుకు రుసుం కడితే అధికారి సంతకం, హోదా, తేదీ, సీలుతో సర్టిఫైడ్ కాపీ ఇచ్చి తీరాలి. కోర్టులో నిలబడేది ఆ కాగితమే.

ఫైలు నంబరులో ఏముందో చదవండి

ఇది నాకు ఓ రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు టీ కొట్టు దగ్గర చెప్పిన సంగతి, బంగారం లాంటిది. రెవెన్యూ ఫైలు ముగిసినప్పుడు నంబరు ముందు ఓ గుర్తు పడుతుంది. ఆర్.డిస్ అని ఉంటే శాశ్వతంగా భద్రపరచాల్సిన ఫైలు. డి.డిస్ అంటే పదేళ్లు ఉంచి తీసేయొచ్చు. ఎల్.డిస్ అంటే ఇంకా తక్కువ కాలమే. కాబట్టి “పాతదండీ, రూల్ ప్రకారం తీసేశాం” అని ఎవరైనా అంటే, మీ పాత ఉత్తర్వు కాపీ మీద నంబరు ముందు ఏముందో చూడండి. ఆర్.డిస్ అని ఉంటే ఆ జవాబు అక్కడే తేలిపోయింది. డి.డిస్ అయినా సరే, గడువు తీరాక కూడా ఎవరి అనుమతితో తీసేశారో రాతలో ఉండాలి. అది అడగండి.

ఇంకో సంగతి. ఫైలు ఒంటరిగా బతకదు. అర్జీ తపాలాలో చేరిన రోజే డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కుతుంది. సీటు చూసే క్లర్కు దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో రాసుకుంటాడు. జవాబు బయటికెళ్తే డిస్పాచ్ రిజిస్టరులో పడుతుంది. అధికారి బదిలీ అయితే చార్జ్ లిస్టులో అప్పగింత ఉంటుంది. ఈమధ్య ఫైళ్లయితే ఈ-ఆఫీసులో ఎవరి లాగిన్ నుంచి ఎవరికి ఎప్పుడు వెళ్లిందో మొత్తం నమోదవుతుంది. ఫైలు ఒకటి మాయం చేయొచ్చు గానీ, ఈ జాడలన్నీ వెతికి తుడిచే ఓపిక, తెలివి మామూలు క్లర్కుకు ఉండవు.

అదే కాగితం ఇంకెక్కడుందో వెతకండి

మన వైపు దీనికి పెద్ద చరిత్రే ఉంది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970 ఫిబ్రవరి 2న, అప్పటి పేరు ఒంగోలు జిల్లా. ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది. కందుకూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు నుంచి, ఒంగోలు గుంటూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. మళ్లీ 2022 ఏప్రిల్ 4న హద్దులు మారినప్పుడు కందుకూరు నెల్లూరుకు, అద్దంకి, చీరాల బాపట్లకు, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతికి వెళ్లాయి.

దీంతో “జిల్లాలు విడిపోయినప్పుడు ఫైలు అటెళ్లింది” అన్నది మన దగ్గర బాగా చెల్లే సాకు. ఆ సాకునే మీరు ఎదురు తిప్పొచ్చు. పంపారా? అయితే ఏ తేదీన, ఏ జాబితాలో, అటువైపు ఎవరు అందుకున్నారు? ఆ జాబితా నకలు ఇవ్వండి. పంపలేదంటారా? అయితే మీ దగ్గరే ఉండాలి. కనిగిరి వైపు 1970కి ముందు కాగితం కోసం ఒంగోలులో మాత్రమే వెతికి ఊరుకోకుండా నెల్లూరు కలెక్టరేటు రికార్డు రూములో కూడా అడగండి. గిద్దలూరు వాళ్లయితే కర్నూలులో.

రెవెన్యూ కార్యాలయాలు దాటి కూడా ఆలోచించండి. ఎఫ్ఎంబీ కాపీ ఒకటి సర్వే శాఖ దగ్గర విడిగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజు నకలు సబ్‌రిజిస్ట్రారు పుస్తకాల్లో ఉంటుంది. ఇంతకు ముందు ఆ భూమి మీద ఎవరైనా దావా వేసి ఉంటే, ఆ కేసు కట్టలో ఎగ్జిబిట్లుగా (కోర్టు సాక్ష్యంగా మార్క్ చేసిన పత్రాలుగా) పాత అడంగళ్లు దొరకొచ్చు. చాలామంది మర్చిపోయేది బ్యాంకు, సహకార సొసైటీ. మన తండ్రులు, తాతలు పంట అప్పు కోసం అక్కడ అడంగల్ నకళ్లు ఇచ్చి ఉంటారు. ఇంట్లో ట్రంకు పెట్టెలో శిస్తు రసీదులు, నీటి తీరువా రసీదులు ఉంటే పారేయొద్దు.

“భద్రపరచండి” అని లేఖ పెట్టండి

కేసు వేసిన రోజే, వీలైతే దావా (ఓఎస్) నంబరు పడిన వెంటనే, ఈ పని చేయాలి. లేఖ చిన్నదిగా ఉంటే చాలు:

“ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు భూమికి సంబంధించి ఫలానా కోర్టులో ఓఎస్ నంబరు ఫలానా పెండింగులో ఉంది. ఈ కింద తెలిపిన ఫైళ్లు, రిజిస్టర్లు, పుస్తకాలు ఆ కేసులో ఆధారాలు. కేసు, దానిపై అప్పీళ్లు ముగిసేవరకు వీటిని తీసేయకుండా, మార్చకుండా, వేరే చోటికి పంపకుండా భద్రపరచవలసిందిగా కోరుతున్నాను. ప్రస్తుతం ఇవి ఎవరి ఆధీనంలో ఉన్నాయో హోదాతో తెలియజేయగలరు.”

కింద జాబితా స్పష్టంగా, ఫైలు నంబర్లతో రాయండి. ‘సంబంధిత రికార్డులన్నీ’ అని గాల్లో రాస్తే గాల్లోనే పోతుంది. తహసీల్దారుకు, ఆర్డీవోకు, కలెక్టరుకు, కేసు చూస్తున్న ప్రభుత్వ ప్లీడరుకు ఒక్కో ప్రతి ఇవ్వండి. తపాలాలో ఇస్తే మీ ప్రతి మీద సీలు, తేదీ వేయించుకోండి. సీలు వేయం అంటే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో పంపండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్ఎస్‌లో కూడా ఇచ్చి అర్జీ నంబరు తీసుకుంటే ఇంకా మంచిది.

దీనివల్ల ఫైలు ఆగుతుందా అంటే ఆగకపోవచ్చు కూడా. కానీ రేపు ఆకు మాయమైతే “కేసుందని మాకు తెలియదు” అనే మాట వాళ్ల నోట్లోనే ఉండిపోతుంది. తర్వాత మీరు అడగబోయే ప్రతిదానికీ ఈ తేదీయే పునాది.

కోర్టు చేత పిలిపించండి

ఒరిజినల్ రికార్డు కోర్టు కళ్లబడాలి. మన రాష్ట్రంలో దీనికి సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో 129వ రూల్ ఉంది. ప్రభుత్వ కార్యాలయంలో ఉన్న రికార్డును తెప్పించమని అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి. సర్టిఫైడ్ కాపీతో ఎందుకు సరిపోదో అందులో చెప్పాలి. “ఆకు కోసినట్టుంది, ఒరిజినల్ పుస్తకాన్ని కోర్టు స్వయంగా చూడాలి” అన్నది దానికి చాలా బలమైన కారణం. అవతలి పక్షమే ప్రభుత్వమైతే సీపీసీ ఆర్డర్ 11 రూల్ 14 కింద పత్రాలు దాఖలు చేయమని అడగొచ్చు.

కోర్టు నియమించే అడ్వొకేట్ కమిషనర్ను రికార్డు రూముకు పంపమని అడుగుదాం అంటారు కొందరు. నా అనుభవంలో కోర్టులు దీనికి అంత తేలిగ్గా ఒప్పుకోవు, మీ తరఫున సాక్ష్యం పోగు చేయడం కమిషనర్ పని కాదంటాయి. దానిమీద ఆరు నెలలు పోగొట్టుకునే బదులు 129 పిటిషన్ గట్టిగా వేయించండి.

“దొరకడం లేదు” అంటే, అదే రాసివ్వమనండి

చెదలు తిన్నాయి, ఎలుకలు కొట్టాయి, తుపానుకు తడిశాయి. మన తీరంలో మూడోది నమ్మబుద్ధి అవుతుంది కూడా, మిచాంగ్ లాంటివి చూసినవాళ్లం. కానీ నిజంగా తడిసి ఉంటే అప్పుడే పంచనామా జరిగి, పాడైన వాటి జాబితా పై అధికారికి వెళ్లి ఉండాలి. ఆ రెండూ లేకపోతే తుపాను ఆ ఒక్క ఫైలునే వెతుక్కుంటూ వచ్చిందనుకోవాలి.

నోటిమాటగా చెప్పింది నోటిమాటే. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుం లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. ‘ఎందుకు పోయింది’ అని అడగొద్దు, దానికి జవాబు రాదు. కాగితాలు అడగండి: ఆ ఫైలు నంబరు నమోదైన డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరు పేజీ, పర్సనల్ రిజిస్టరు పేజీ, గత అధికారుల చార్జ్ లిస్టులు, ఫైలు తీసేసి ఉంటే దానికిచ్చిన అనుమతి ఉత్తర్వు, పోయిందంటే పోలీసులకిచ్చిన ఫిర్యాదు నకలు. వీటితో పాటు రికార్డు తనిఖీ కూడా అడగండి.

కేసు కోర్టులో ఉంది కాబట్టి ఇవ్వం అంటే అది చెల్లదు. ఆ సమాచారం బయటపెట్టొద్దని కోర్టు ప్రత్యేకంగా చెప్పి ఉంటేనే ఆ మినహాయింపు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అడిగిన సమాచారాన్ని ధ్వంసం చేసినట్టు తేలితే సెక్షన్ 20 కింద అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 జరిమానా, శాఖాపరమైన చర్యకు సిఫారసు కూడా ఉంటాయి. ఫైలు కనబడటం లేదని చెప్పి చేతులు కడుక్కోవడం కుదరదని, విచారణ జరిపి బాధ్యులెవరో తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లోనే విశ్వాస్ భాంబూర్కర్ కేసులో చెప్పింది. మీ అప్పీలులో ఆ తీర్పు ప్రస్తావించండి.

“రికార్డు లభ్యం కావడం లేదు” అని సంతకంతో కాగితం వస్తే కుంగిపోకండి. మీ చేతికొచ్చిన మంచి కాగితాల్లో అదొకటి. ఒరిజినల్ పోయిందని రుజువైతే సాక్ష్య అధినియమం సెక్షన్ 60 కింద నకలును సాక్ష్యంగా పెట్టే దారి తెరుచుకుంటుంది.

చేసినవాడికి ఏమవుతుంది

మొదట మీ దావాలో. దగ్గరుండీ దాఖలు చేయని సాక్ష్యం, దాఖలు చేసి ఉంటే వాళ్లకే వ్యతిరేకంగా ఉండేదని కోర్టు ఊహించుకోవచ్చు. సాక్ష్య అధినియమం 119వ సెక్షన్ ఉదాహరణల్లో ఇది ఉంది, పాత చట్టంలో 114(జి). ‘ఊహించుకోవచ్చు’ అన్నారు గానీ ‘ఊహించాలి’ అనలేదు. మీరు మూడు చూపించాలి: ఆ రికార్డు ఉండేది, వాళ్ల ఆధీనంలో ఉండేది, కేసు సంగతి వాళ్లకు తెలుసు. పై అడుగులన్నీ ఈ మూడింటి కోసమే. ఒక్క హెచ్చరిక. భూమి నాదని ప్రకటించమని అడిగే దావాలో మీ హక్కును మీ కాగితాలతోనే నిరూపించుకోవాలి. అవతలివాడు ఆకు చించాడని తేలినంత మాత్రాన భూమి మీదైపోదు. ఈ తేడా తెలియక గెలిచేశామనుకుని సాక్ష్యం పెట్టకుండా ఓడిపోయినవాళ్లను చూశాను.

కోర్టు ఆదేశించాక కూడా దాఖలు చేయకపోతే ఆర్డర్ 11 రూల్ 21 కింద వాళ్ల డిఫెన్స్ కొట్టేయమని అడగొచ్చు. కోర్టులు దీన్ని అరుదుగానే వాడతాయి. భద్రపరచమని ఇంజంక్షన్ ఉండగా చెరిపితే ఆర్డర్ 39 రూల్ 2ఏ కింద ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు ఉండొచ్చు. హైకోర్టు రిట్‌లో ఆదేశం ఉంటే కోర్టు ధిక్కారం. దానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ధిక్కారం పిటిషన్‌కు ఏడాదే గడువు.

క్రిమినల్ వైపు. కోర్టులో దాఖలు చేయాల్సిన పత్రాన్ని, అక్కడ కనబడకుండా చేయాలని ధ్వంసం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 241 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 204, రెండేళ్లు. స్టేషన్‌కు వెళ్తే “ఇది నాన్‌కాగ్నిజబుల్ అండీ” అనొచ్చు. నిజమే, ఆ ఒక్క సెక్షన్‌కు మేజిస్ట్రేటు అనుమతి కావాలి. అందుకే ఫిర్యాదులో జరిగినదంతా రాయండి. తనకు అప్పగించిన రికార్డును అధికారే దురుద్దేశంతో దాటించేస్తే నమ్మకద్రోహం సెక్షన్ 316(5), యావజ్జీవం దాకా శిక్ష. ప్రభుత్వ ఆస్తి దొంగతనం సెక్షన్ 305. నిప్పు పెడితే సెక్షన్ 326తో పాటు 1984 ప్రభుత్వ ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం. ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి, ఆపైన మేజిస్ట్రేటుకు.

1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఐదేళ్ల జైలు వేయించొచ్చని ఎవరైనా చెబితే ఆగండి. అది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు, సంస్థలకు. మీ గొడవ రైల్వే భూసేకరణ ఫైలు గురించైతే పనికొస్తుంది, మండల కార్యాలయానికి వర్తించదు.

ఉద్యోగి నిజంగా భయపడేది శాఖాపరమైన విచారణకు. ఉద్యోగుల క్రమశిక్షణకున్న 1991 సీసీఏ రూల్స్ కింద ఇంక్రిమెంట్ల కోత నుంచి డిస్మిస్ దాకా ఉంటుంది. రిటైరైపోయాడని వదలొద్దు, 1980 పెన్షన్ రూల్స్ 9 కింద పెన్షన్‌లో కోత వేయొచ్చు. కానీ విచారణ మొదలుపెట్టే నాటికి ఆ సంఘటన జరిగి నాలుగేళ్లు దాటకూడదు. అందుకే కలెక్టరుకు ఫిర్యాదు ఆలస్యం చేయకండి.

ఫోటోలు తీసేటప్పుడు

పుస్తకం అట్ట, ముందు పేజీ, మాయమైన చోటు, తర్వాతి పేజీ వరసగా తీయండి. తీసిన ఫోన్ అమ్మేయొద్దు, మార్చొద్దు. కోర్టులో పెట్టాలంటే సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో ఫోటో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కూడా రాయాలి. వాట్సాప్‌లో వకీలుకు పంపిన ఫోటో కాదు, ఫోన్‌లో ఉన్న అసలుది ముఖ్యం.

మా కేసులో ఆ కోసిన ఆకు చివరికి సొసైటీలో దొరికింది. 1982లో నాన్న వేరుశనగ అప్పు కోసం పెట్టిన కట్టలో, కరణం సంతకంతో ఇచ్చిన అడంగల్ నకలు. కాగితం మడతల దగ్గర చిట్లిపోయింది. పై మూలన కరణం తన వంకరటింకర రాతలో ‘పేజీ 145 నుంచి నకలు’ అని రాశాడు. 129 పిటిషన్ మీద తెచ్చిన పుస్తకాన్ని జడ్జిగారు తన బల్లమీదే తెరిపించి, 144 తర్వాత ఆ మొండి అంచును వేలితో ఓసారి తడిమి, నకలు మూలనున్న అంకె చూసి, “మార్క్ చేయండి” అన్నారు.